పసుపు పూసిన తాడు

తాడు కనిపిస్తే అప్పలనరసింహం దాని కొసను చేతిలోకి తీసుకుంటాడు. బొటనవేలితో పురి కొంచెం విప్పుతాడు. వదిలేస్తాడు. విడిపోయిన పాయలు వాటంతట అవే మళ్లీ మెలిపడతాయా లేదా అని చూస్తాడు. మెలిపడితే తల ఊపుతాడు. పడకపోతే ఏమీ అనడు.

తన కొట్లో తాళ్లకే కాదు. దారిన పోయే ఆవు పలుపుకూ ఇలాగే చేస్తాడు. బస్సు మీద సామాను కట్టిన తాడుకూ చేస్తాడు. ఒకసారి పెళ్లిలో పక్కన కూర్చున్న పెద్దమనిషి కండువా అంచుకు కూడా చేశాడు. ఆయన కండువా లాక్కుని వేరే కుర్చీలోకి వెళ్లి కూర్చున్నాడు.

రాయగడ బజారులో అతనిది తాళ్ల కొట్టు. తండ్రి సాలూరు నుంచి వచ్చి పెట్టాడు. కొబ్బరి తాళ్లు, గోనె సంచులు, పురికొస, ఒక మూల అడ్డనార తాళ్లు. కొబ్బరి తాడు లారీలో వస్తుంది. అడ్డనార తాడు కుంతి నెత్తి మీద వస్తుంది. కల్యాణసింగ్‌పూర్ పైన కొండల్లో ఆమె ఊరు. అడవిలో అడ్డతీగ బెరడు ఒలిచి, నానబెట్టి, తొడ మీద పేని తెస్తుంది. మొదట్లో తల్లి వెంట వచ్చేది. ఇప్పుడు ఆమె జుట్టే నెరిసింది.

వచ్చినప్పుడల్లా అతను ఏదో ఒకటి అడుగుతాడు. తీగ ఎంత లావుంటుంది? పాకిన చెట్టును చంపేస్తుందా? ఏ నీళ్లలో నానబెడతారు? నిలవ నీళ్లా, పారే నీళ్లా?

"అన్నీ అడుగుతావు. ఒకపాలి వచ్చి సూడొచ్చు కదా, సావుకారీ," అంటుంది కుంతి.

"వస్తాను."

"మా అమ్మ ఉన్నప్పుడూ ఇదే సెప్పేవు."

కొట్టు మూసి ఎక్కడికైనా వెళ్లడం అతనికి తెలియదు. తండ్రికీ తెలియదు.

ఏటా బజారు గుడి రథానికి తాడు ఈ కొట్టు నుంచే వెళుతుంది. గుమ్మం దాటే ముందు ఇంటి ఇల్లాలు దాని కొసకు పసుపు పూసి కుంకుమ పెడుతుంది. అప్పట్లో తల్లి, ఇప్పుడు భార్య బుల్లి. రథం నడిచేటప్పుడు ముందుకొస పట్టుకునేదీ ఈ ఇంటివాళ్లే. రథం ఆగాలంటే ముందున్నవాడు "తాడు దించండి" అని కేక వేస్తాడు. అందరూ వంగి తాడును నేల మీద పెడతారు. మళ్లీ ఎత్తేదాకా దాన్ని ఎవరూ దాటరు. పిల్లలు కూడా చుట్టూ తిరిగి వెళతారు. ఎందుకని అప్పలనరసింహం చిన్నప్పుడు అడిగాడు. తండ్రి చెంప మీద ఒకటి వేశాడు. ఆయనకూ తెలియదేమో.

వరికోతలు అయిపోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం బిందుశ్రీ కొట్టుకు వచ్చింది. మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరు డ్రైవరు కూతురు. కాలేజీలో చదువుతోంది. వెంట ఆమెతో చదివే శ్రావణ్‌కుమార్ ఉన్నాడు.

"మావయ్యా, నైలాను తాడు గావాల. బాగా పొడుగుది."

"ఏటి కట్టడానికమ్మి?"

"కట్టడానికి కాదు. మనుషుల పక్కన పట్టుకోడానికి."

అప్పలనరసింహం పీట మీంచి లేచాడు.

బిందుశ్రీ చెప్పింది. కుంతి వాళ్ల ఊరి పైన ఊటకొండ ఉంది. దాన్ని తవ్వుతారని కొన్నాళ్లుగా మాట వినిపిస్తోంది. కొండవాళ్లు ఊటనీళ్లు ఒక బిందెలో తెచ్చి కలెక్టరాఫీసులో ఇస్తారు. ముందు ఈ నీళ్లు చూడండి, తర్వాత కొండ సంగతి మాట్లాడండి అంటారు. కాలేజీ పిల్లలు, ఊళ్లో మరికొందరు వాళ్లతో నడుస్తారు. పోలీసులు ఊరేగింపుకు ఒప్పుకున్నారు గాని, రోడ్డులో ఎడమ సగమే ఇచ్చారు. రెండో సగంలో బస్సులు, లారీలు పోవాలి. అందుకని వరస పక్కన తాడు పట్టుకుని నడిచే వాలంటీర్లు కావాలి.

"తాడు లోపలోళ్లు బయటికి రాకూడదు. బయటోళ్లు లోపలికి రాకూడదు. అంతే," అన్నాడు శ్రావణ్‌కుమార్.

"వస్తే?"

"అక్కడే ఆపేస్తారంట."

"తాడు పట్టుకుంటే జనం ఆగుతారేటి?"

"ఆగుతారు మావయ్యా."

"ఎందుకాగుతారు? కట్టలేదు కదా?"

బిందుశ్రీ నవ్వింది. "నువ్వే వచ్చి సూడరాదా?"

ఈ మాట అతనికి కొత్త కాదు. కానీ ఈసారి చూడాల్సింది కొట్టు ముందున్న రోడ్డు మీదే ఉంది.

"నైలాను సేతులు కోసేస్తాది," అన్నాడు. "కొబ్బరి తాడు ఇస్తాను. ముందుకొస నేనే పట్టుకుంటాను."

పక్కన పప్పుల కొట్టు గున్నయ్య అంతా విన్నాడు. పిల్లలు వెళ్లాక గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"కొండ తవ్వితే ఊరు పెరుగుతాది. నీ బేరమూ పెరుగుతాది. నీకెందుకురా ఈ జెండాల గోల?"

"జెండా కాదు. తాడు."

"రెండూ ఒకటే."

"కాదురా. కట్టని తాడుకి మనిషి ఎలగ ఆగుతాడో సూద్దామని."

"నువ్వు సూడ్డానికి కొండోళ్లు అంత దూరం నుంచి నడిసి రావాలేటి?"

"ఆళ్లు ఎలాగూ వస్తన్నారు," అన్నాడు అప్పలనరసింహం.

ఊరేగింపు రోజు పొద్దున్న లావుపాటి కొత్త తాడు చుట్ట కొట్టు గుమ్మం దాటుతుంటే బుల్లి పసుపు గిన్నె తెచ్చింది. కొసకు పూసింది. బొట్టు పెట్టింది. అతను చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా జరుగుతున్నదే. ఇద్దరికీ ఏమీ అనిపించలేదు.

సంత మైదానంలో బిందుశ్రీ అతని జబ్బకు ఆకుపచ్చ గుడ్డ కట్టింది. వాలంటీరు గుర్తు. కొండవాళ్లు అప్పటికే వచ్చి చింతచెట్టు నీడలో కూర్చున్నారు. కుంతి ముందు సిలవరు బిందె ఉంది. మూతి మీద అడ్డాకు కప్పి, నారతో చుట్టి ఉంది. అతను వెళ్లి ఆ నార కొస పట్టుకున్నాడు. పురి విప్పి వదిలాడు.

"నీకిచ్చే తాడులాటిదే. కొత్తగా ఏటి సూస్తావు," అంది కుంతి.

"ఈ సిలవరు కూడా కొండ మట్టితోనే సేస్తారు. తెల్సా? దామంజోడి కాడ తవ్వుతారు కదా, అలాటి మట్టి."

కుంతి బిందెకేసి చూసింది. నిజమా అన్నట్టు దాన్ని వేలితో తట్టింది.

"ఆ కొండకీ ఊట ఉండేదా?"

"తెలీదు."

"నీకు తెలీనిదీ ఉంది," అంది. వెక్కిరింపుగా అనలేదు.

అతను బిందె పక్కన చతికిలబడ్డాడు. "ఓ గుక్కెడు పొయ్యి. ఎలగుంటాయో సూస్తాను."

కుంతి బిందెను తనవైపు జరుపుకుంది. "ఇయి ఆఫీసువి. నీకు గావాలంటే ఊట కాడికి రా."

తర్వాత ఇంకో సంగతి చెప్పింది. ఊటనీళ్లు ఊరి పొలిమేర దాటించడం వాళ్లలో లేదు. పెద్దవాళ్లు చాలాసేపు వాదించుకుని ఈ ఒక్కసారికి ఒప్పుకున్నారు. దారిలో ఆగిపోతే తిరిగి తెచ్చెయ్యమన్నారు. మళ్లీ కొండ దింపడం ఉండదు.

"ఇయి ఆఫీసు కాడికి సేరతాయా, సావుకారీ?"

"సేరతాయి."

"తాడు నీదే కదా?"

"నాదే."

పురి చూడని తాడుకు అతను ఎన్నడూ మాట ఇవ్వడు. మనుషుల వరసకు పురి ఎలా చూడాలో అతనికి తెలియదు. అయినా మాట ఇచ్చేశాడు.

ఊరేగింపు బయలుదేరింది. ముందుకొస అతని చేతిలో, వెనక కొస శ్రావణ్‌కుమార్ చేతిలో. మధ్యలో కాలేజీ పిల్లలు. ఎస్సై ఒకాయన మోటారు సైకిలు దిగి రోడ్డు నడుమ నిలబడ్డాడు. ఒడియాలో ఒకే మాట చెప్పాడు. తాడు దాటి మనిషి ఇటు వస్తే, వరస ఎక్కడుంటే అక్కడే ఆపేస్తాను.

కొంతసేపు తాడు అవసరమే లేకపోయింది. కొండవాళ్లు ఒకరి వెనక ఒకరు నడిచారు. ఇరుకు బాటల్లో నడిచిన కాళ్లు. ఇంత వెడల్పు రోడ్డు మీద కూడా ముందువాళ్లు అడుగు వేసిన చోటే వెనకవాళ్లు వేస్తున్నారు. నినాదాలు కాలేజీ పిల్లలవే. కొండవాళ్లు మాట్లాడకుండా కొట్ల బోర్డులు చూస్తూ నడిచారు. అప్పలనరసింహం వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. వీళ్లకు తాడెందుకు అనుకున్నాడు.

బజారు మొదట్లో గురువమ్మ బుట్ట పెట్టుకుని మరమరాలు అమ్ముతుంది. ఆమె లేచింది. చెప్పులు వదిలింది. రోడ్డు మీదకు వచ్చి, తాడు పసుపు కొసను రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. వదల్లేదు. పట్టుకుని నడవసాగింది.

"ఏటి గురువమ్మా ఇది?"

"పట్టుకోనీ బాబూ. మోకాలు నొప్పని మొన్న రథానికి రాలేకపోనాను. దేవుడే ఇలగొచ్చేడు."

అతను ఏదో చెప్పబోయాడు. అంతలో మిఠాయి కొట్టు మనిషి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి తాడు పట్టుకున్నాడు. అతని వెనక కుట్టుమిషను ఆవిడ. ఆవిడ వెనక సైకిలు బాగుచేసే కుర్రాళ్లు. ఇది ఏ రథమని ఒకరూ అడగలేదు. తాడు లావుగా ఉంది, కొత్తగా ఉంది, పసుపు పూసి ఉంది, ముందుకొస అప్పలనరసింహం చేతిలో ఉంది. రాయగడ బజారుకు అది చాలు.

బయటి నుంచి పట్టుకున్నవాళ్లు బయటికే లాగారు. తాడు విల్లులా వంగింది. ఖాళీ దొరికిన చోట లోపలివాళ్లు విస్తరించారు. చూస్తుండగానే వరస రోడ్డు నడుమకు వచ్చేసింది. ఎదురుగా పార్వతీపురం బస్సు ఆగి హారను కొట్టింది.

ఎస్సై చెయ్యి ఎత్తాడు. "తాడు నడిరోడ్డుకొచ్చింది. ఇంకొక్క మనిషి ఇటు వచ్చాడా, ఇక్కడే ఆపేస్తాను."

బిందుశ్రీ పరుగెత్తుకొచ్చింది. "మావయ్యా, ఈళ్లని వదలమని సెప్పు."

"సెప్పబోయేను. వదల్లేదు."

"దేవుడి తాడు కాదని సెప్పు."

అతను గురువమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఇది దేవుడి తాడు కాదు."

"మరి పసుపెందుకు పూసేరు?" అంది గురువమ్మ.

అతను తల తిప్పాడు. పక్కకు చూస్తే కుంతి. బిందెను రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడింది. అతనికేసే చూస్తోంది.

అప్పుడు అతని గొంతు లోంచి తండ్రి కేక వచ్చింది.

"తాడు దించండి."

బజారంతా వంగింది. మిఠాయి కొట్టు మనిషి, కుట్టుమిషను ఆవిడ, సైకిలు కుర్రాళ్లు, గురువమ్మ మోకాలు పట్టుకుని నెమ్మదిగా. వాళ్లను చూసి కాలేజీ పిల్లలూ వంగారు. తాడు రోడ్డు మీద బారుగా పడుకుంది. అందరూ దాని నుంచి వెనక్కి జరిగారు. బయటివాళ్లు కొట్ల అరుగుల దాకా, లోపలివాళ్లు ఎడమ సగంలోకి. తాడు అవతల బస్సు పట్టేంత దారి ఏర్పడింది. చేతిలో ఉన్నప్పుడు ఆపలేనివాళ్లను నేల మీద పడుకున్న తాడు ఆపింది.

అప్పలనరసింహం ఆ తాడునే చూస్తూ ఉండిపోయాడు.

పార్వతీపురం బస్సు ఆ దారిలోంచి కదిలింది. దాని గాలికి బిందె మూతి మీది నార సడలింది. అడ్డాకు లేచి, ఎగిరి, తాడు అవతల రోడ్డు మీద పడింది.

కుంతి బిందెను పక్కనున్న ఆవిడ చేతిలో పెట్టింది. తాడు దాటింది. మామూలుగా, గుమ్మం దాటినట్టు దాటింది. ఆమెకు తాడంటే తాను పేనే వస్తువు. అవతలికి వెళ్లి ఆకు కోసం వంగింది.

గురువమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బస్సుకు దారి వదలడానికి తాడు లోపలివైపుకు వచ్చి ఉన్న ఎస్సై అది చూశాడు. "ఏయ్" అన్నాడు. గబగబా ఆమె వైపు నడిచాడు. తాడు దాకా వచ్చాడు. బూటు కాలు లేపాడు.

కాలు గాల్లోనే ఆగింది.

అతను కిందికి చూశాడు. పసుపు ఉంది. బొట్టు ఉంది. కాలు వెనక్కి తీసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. కొస ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకున్నాడు. తర్వాత తాడు వెంబడే నడిచి, శ్రావణ్‌కుమార్ నిలబడిన చివరి దాకా వెళ్లి, చుట్టు తిరిగి, రెండో పక్క నుంచి మళ్లీ నడిచి వచ్చాడు. అప్పటికి కుంతి ఆకు దులుపుకుని తాడు ఇవతలికి వచ్చేసింది. బిందె మూతికి నార చుట్టుకుంటోంది.

సైకిలు కుర్రాళ్లలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఎస్సై అప్పలనరసింహం ముందుకు వచ్చి ఆగాడు. ఒడియాలో మెల్లగా అడిగాడు.

"ఇది ఏ రథం తాడు?"

"ఏ రథానిదీ కాదు సార్. కొట్లో తాడు."

"పసుపు?"

"అలవాటు. ఇంట్లో పూసేసింది."

"మరి దించమన్నావు?"

"అదీ అలవాటే సార్."

ఎస్సై తాడు కేసి చూశాడు. ఈసారి నిజం తెలిసింది కాబట్టి దాటవచ్చు. దాటలేదు. "కొండావిడ తెలియక వచ్చింది, పోనీ," అన్నాడు. తర్వాత గొంతు పెంచాడు. "దీన్ని మళ్లీ ఎత్తొద్దు. నేల మీదే లాక్కెళ్లండి. పట్టుకోవాలనుకున్న వాళ్లందరూ ముందుకు పోయి లాగండి. పక్కన ఒక్కడు కనిపించకూడదు."

అలాగే జరిగింది. బజారువాళ్లు ముందుకొస దగ్గర చేరారు. తాడు రోడ్డు మీద పాములా జరుగుతూ వెళ్లింది. దాని పక్కన కొండవాళ్లు ఒకరి వెనక ఒకరు, కాలేజీ పిల్లలు, నడుమ బిందె. ఊరేగింపు దేనికోసమో తెలియని మిఠాయి కొట్టు మనిషి అందరికంటే ముందు నడిచాడు. సగం దారిలో అడిగి తెలుసుకున్నాడు. "ఊట ఎండిపోతాదా? ఎవరు సెప్పేరు?" అని బిందుశ్రీని పట్టుకున్నాడు. ఆమె చెబుతూనే ఉంది. ఆయన వింటూ లాగుతూనే ఉన్నాడు. గున్నయ్య తన కొట్టు గుమ్మంలో నిలబడి చూశాడు. తాడు తన ముందు నుంచి పోతుంటే చెప్పులు మాత్రం విప్పాడు.

ఆఫీసు గేటు దగ్గర ఒక అధికారి బయటికి వచ్చాడు. రెండు చేతులతో బిందె అందుకున్నాడు. ఆకు తీసి లోపలికి చూశాడు. పై వాళ్లకు చూపిస్తామన్నాడు. నీళ్లు తాగలేదు.

ఆయన లోపలికి వెళ్లబోతుంటే కుంతి అడ్డం వచ్చింది.

"బాబూ, నీళ్లు మీకు. బిందె నాది."

ఒక బంట్రోతు తాగునీళ్ల డబ్బా ఖాళీ చేసి తెచ్చాడు. నీళ్లు అందులోకి మారాయి. ఖాళీ బిందె చంకన పెట్టుకుని కుంతి అప్పలనరసింహం దగ్గరకు వచ్చింది.

"సేరేయి," అంది.

అతను తల ఊపాడు. బిందెలోకి తొంగి చూశాడు. అడుగున తడి తప్ప ఏమీ లేదు.

"ఓ సంగతి అడుగుతాను. తాడు దాటినప్పుడు నీకు బయమెయ్యలేదేటి?"

"ఎందుకు? తాడే కదా."

"అందరూ ఆగేరు కదా."

"అదే నేనూ అడుగుదామనుకున్నాను," అంది కుంతి. "ఎందుకాగేరు?"

చిన్నప్పుడు తిన్న చెంపదెబ్బ అతనికి గుర్తొచ్చింది. "తెలీదు," అన్నాడు.

కుంతి నవ్వింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి తాడు చుట్ట చుడుతూ అతను బుల్లిని అడిగాడు. "పసుపెందుకు పూసేవు?"

"ఏ తాడుకి పూయొద్దో నువ్వెప్పుడైనా సెప్పేవేటి?" అంది బుల్లి. తర్వాత, "నీళ్లు సేరేయా?" అంది.

"సేరేయి."

"ఎలగున్నాయి?"

అతను చుట్టడం ఆపాడు. రోడ్డుకు రాసుకుని తాడు కొస చీపురులా విచ్చుకుంది. పసుపు పోయింది. పురి విప్పి వదిలాడు. పాయలు మెలిపడలేదు.

మర్నాడు పొద్దున్న గున్నయ్య వచ్చేసరికి తాళ్ల కొట్టుకు తాళం వేసి ఉంది. అప్పలనరసింహం మొదటి బస్సుకు కల్యాణసింగ్‌పూర్ వెళ్లాడు. అక్కడ దిగి, దారి అడుగుతూ, పొలాలు దాటి, కొండబాట ఎక్కాడు. బాట ఇరుకుగా ఉంది. ముందు పోయిన కాళ్లు తొక్కిన చోటే తన కాళ్లూ పడుతున్నాయని చూసుకున్నాడు.

ఊట కింద మడుగులో కుంతి అడ్డనార నానబెడుతోంది. అతన్ని చూసి లేవలేదు. తడి చెయ్యి ఒకటి ఎత్తి పక్కనున్న చెట్టును చూపింది. దాని మీద అడ్డతీగ పాకి ఉంది. అతను వేలాడుతున్న కొస పట్టుకున్నాడు. బొటనవేలితో విప్పబోయాడు. విప్పడానికి అందులో పురి లేదు.

తర్వాత ఊట దగ్గరకు వెళ్లి వంగాడు. దోసిలి పట్టి తాగాడు.

"ఎలగున్నాయి?" అంది కుంతి.

"ఉండు," అన్నాడు. "ఇంకోపాలి తాగి సెప్తాను."